పెదనాన్న జావా: పిస్టన్ కదిలింది

పెదనాన్న జావా మోటార్‌సైకిల్ ఇంజిన్‌లో పట్టేసిన పిస్టన్ మొత్తానికి కదిలింది. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిలూ ఇంజిన్ ఆయిలూ సగం సగం కలిపి పోసి, ఇంకినప్పుడల్లా మళ్లీ నింపుతూ వచ్చాను. సుత్తి జోలికి పోలేదు. బండిని స్టాండు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపుతుంటే ఓ సాయంత్రం టక్కున వదిలింది. అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

పెదనాన్న సరుకు ఓడల్లో ఇంజిన్ ఫిట్టరు. విశాఖలో ఓడెక్కితే రాటర్‌డామ్, ఒడెస్సా, యొకొహామా చుట్టి నెలల తరబడికి గానీ ఇల్లు చేరేవారు కాదు. వచ్చిన మర్నాడే షెడ్డులో దూరేవారు. పిల్లలం మూగితే తలా ఒక స్పానర్ చేతికిచ్చి, ఇక ఆ నంబరుతోనే పిలిచేవారు. నేను 10, అక్క 14, చిన్నన్నయ్య 17. జావాకి ఆ మూడూ ఉంటే ముప్పాతిక పని అయిపోతుంది. అంత దూరాలు తిరిగిన మనిషి మాకు ఓడల కబుర్లు చెప్పింది తక్కువ, బండి విప్పి చూపించిందే ఎక్కువ.

ఇది మైసూరులో తయారైన 1968 నాటి 250 సీసీ బండి. అక్కడ 1961లో తయారీ మొదలై, తర్వాత పేరు యెజ్డీగా మారి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. గేరు లివరూ కిక్కూ ఒక్కటే: లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. తాళంచెవి చూడ్డానికి మేకులా ఉంటుంది.

హెడ్డు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) దించి చూస్తే బోరులో తుప్పు గీత పడింది. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి కొలిచి, అర మిల్లీమీటరు పెద్ద సైజుకి బోరింగ్ చేస్తే గీత పోతుందన్నారు. అసలు బోరు వ్యాసం 65 మిల్లీమీటర్లు, కాబట్టి 65.5 పిస్టన్ తెచ్చాం. పిస్టన్ రింగులు ఎక్కించేటప్పుడు ఒకటి చూసుకోవాలి. టూస్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు రెండు కొసలూ దాని దగ్గరే కలవాలి. లేదంటే కొస పోర్టులో, అంటే సిలిండర్ గోడకున్న రంధ్రంలో, చిక్కుకుని విరుగుతుంది. పెదనాన్న నోటుపుస్తకంలో ఈ మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు ఎలా ఉన్నా మార్చేయాల్సిందే. ఎన్నో ఏళ్లు నిలబడిన బండిలో ఆ రబ్బరు బిగిసిపోతుంది. చైన్ వైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ క్రాంక్ కేసులోకి చేరి తెల్లపొగ తోస్తుంది, రెండోవైపుది పోతే గాలి పీల్చి ఇంజిన్ వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. బోరింగ్‌కి అంత డబ్బు పోసి సీళ్ల దగ్గర పిసినారితనం చేయడం నాకు అర్థం కాని పని.

సైలెన్సర్ల లోపలి గొట్టాలు మసితో పూడిపోయాయి. వేడినీళ్లలో కాస్టిక్ సోడా కలిపి ఒక రాత్రి నానబెడితే వదిలింది. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం సామాన్లని దాని దగ్గరికి రానివ్వకండి, తినేస్తుంది.

కరెంటు 12 వోల్టులకి మార్చి, ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేయమని చాలామంది అంటున్నారు. నేను మార్చను. పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లకి సరిచేసి, ఎర్త్ వైర్లు కొత్తవి వేస్తే 6 వోల్టులతో హాయిగా నడుస్తుంది. ఈ బండి రాత్రుళ్లు తిరగదు కదా.

కాగితాల పని అక్క చూస్తోంది. యజమాని పోయాక 30 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, మూడు నెలల్లో బండిని వారసుల పేరు మీదికి మార్చే ఫారం 31 పెట్టాలి. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకునే వీలు 2021 నుంచి ఉంది గానీ, అప్పుడు ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. మాకది వద్దు. పెద్దమ్మని వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం వెళ్లాలి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, రంగు మార్చొద్దని. ట్యాంకు మీద ఆయన మోకాలు ఒరుసుకుని అరిగిన చోటు కూడా అలాగే ఉంచుతున్నాం.

వచ్చే విడత క్రాంక్ బేరింగులు, తర్వాత కార్బురేటర్. పాత జికోవ్ కంపెనీ కార్బురేటర్ ఫ్లోట్ (లోపల పెట్రోలు మీద తేలే డబ్బా), చిల్లు పడనిది, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. వచ్చి తీసుకుంటాను.