అప్పన్న ప్రసాదం, మనసు తేట

సింహాచలంలో పులిహోర పొట్లం చేతికి అందితే ప్రసాదం అంటే తినేదే అనుకుంటాం. సంస్కృతంలో ఆ మాటకు తేటదనం అనే అర్థం కూడా ఉంది. మట్టి అడుగుకు దిగి నీరు తేరుకుంటే అది ప్రసాదం. గీతలో 'ప్రసాదే సర్వదుఃఖానాం హానిరస్యోపజాయతే' (2.65) అన్నది ఈ అర్థంలోనే. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన చిత్తప్రసాదనం కూడా ఇదే.

మైత్రీకరుణాముదితోపేక్షాణాం సుఖదుఃఖపుణ్యాపుణ్యవిషయాణాం భావనాతశ్చిత్తప్రసాదనమ్ (1.33)

సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్లపై కరుణ, పుణ్యం చేసేవాళ్లను చూసి ముదిత, అంటే సంతోషం, పాపం చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. వీటిని అలవరచుకుంటే చిత్తం తేటపడుతుంది. పూర్వం చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్ది మడ్డినీళ్లు పోసి కదపకుండా ఉంచేవాళ్లు. మడ్డి తనంతట తానే దిగేది. గింజ పేరు తలచినంత మాత్రాన నీరు తేటపడదని పాత శ్లోకం ఒకటి ఉంది. సూత్రం కంఠస్థం చేసి ఊరుకునేవాళ్లకు అది సరిగ్గా తగులుతుంది.

యోగం నేర్చుకోవాలనుకున్నవాళ్లు ఎక్కువగా ఆసనాలతో మొదలుపెడతారు. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా చాపలు పరిచారు. మంచిదే. కానీ 195 సూత్రాల్లో (కొన్ని ప్రతుల్లో 196) ఆసనం గురించి ఉన్నవి మూడే. కొత్తవాళ్లు 1.33తో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. దానికి చాప అక్కర్లేదు, చుట్టూ మనుషులుంటే చాలు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ జరిగే గిరి ప్రదక్షిణలో మనుషులకు కొదవా!

కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు. సూత్రంలోని నలుగురూ దారిలోనే తగులుతారు. అలుపన్నది లేకుండా మనల్ని దాటిపోయే కుర్రాడు. కాళ్లు బొబ్బలెక్కి డివైడర్ మీద కూలబడిన పెద్దావిడ. అర్ధరాత్రి దాకా మజ్జిగ పంచే వీధివాళ్లు. ఆ మజ్జిగ తాగి గ్లాసు రోడ్డు మీదే పారేసే పెద్దమనిషి.

యోగసూత్రాల వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు ఒక్కో భావన ఏ మడ్డిని దింపుతుందో చెప్పాడు. మైత్రి ఈర్ష్యను దింపుతుంది. కుర్రాడు దాటిపోగానే 'వీడికేం, వయసులో ఉన్నాడు' అనిపిస్తుంది చూడండి, అదే ఈర్ష్య. దాన్ని అణచక్కర్లేదు. ఊపిరి వదులుతూ 'బాగుంది, హాయిగా నడుస్తున్నాడు' అనుకుంటే సరి. మధురవాడలో తోడల్లుడి ఫ్లాట్ గృహప్రవేశం ఫొటోలు స్టేటస్‌లో కనబడినప్పుడూ ఇదే పని. మొదటి రెండు వారాలు ఈ ఒక్కటీ చేస్తే చాలు, రోజూ పదిసార్లు అవకాశం వస్తుంది.

కరుణ 'అయ్యో పాపం' దగ్గర ఆగితే అందులో మన గొప్ప కూడా కలుస్తుంది. ఆ పెద్దావిడకు నీళ్ల సీసా ఇచ్చి, అడిగితేనే మాట్లాడండి. ఇక మజ్జిగ పంచేవాళ్లను చూసి 'ఫొటోల కోసం' అనుకోవడం అసూయ, ముదిత దింపేది దీన్నే. ఉన్న గుణంలో లేని దోషాన్ని వెతకడమే దానికి నిర్వచనం.

చిక్కంతా ఉపేక్షతోనే. కోపాన్ని దిగమింగి దానికే ఉపేక్ష అని పేరు పెట్టుకుంటాం. పరీక్ష సులువు: అప్పుఘర్‌లో చూసిన గ్లాసు గురించి మాధవధారలో కూడా మాట్లాడుతున్నామంటే అది ఉపేక్ష కాదు. గ్లాసు తీసి చెత్తబుట్టలో వేయండి, మనిషిని మాత్రం అక్కడే వదిలేయండి. అతను ఎవరినైనా బాధిస్తుంటే సంగతి వేరు, అక్కడ బాధితుడి పట్ల కరుణ ముందుకు రావాలి, పోలీసులను పిలవాలి. మైత్రి మొదలైనవాటి మీద సంయమం (ధారణ, ధ్యానం, సమాధి మూడూ కలిపి) చేస్తే బలం వస్తుందని మూడో పాదంలో ఉంది (3.23). అక్కడ యోగసూత్రాలకు పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం మొదటి మూడింటినే లెక్కలోకి తీసుకుంది. పాపశీలుల పట్ల ఉపేక్షే గానీ భావన, అంటే మనసులో పదేపదే నిలుపుకోవడం, కాదట, అందుకే దానిలో సమాధీ లేదు, బలమూ లేదు. అంటే ఉపేక్షను సాధన చేస్తూ కూర్చోవడమంటే ఆ మనిషిని మళ్లీ మనసులోకి పిలిచి కూర్చోబెట్టుకోవడమే.

వెంటనే వచ్చే 1.34 ఊపిరి గురించి: ప్రాణాన్ని బయటికి వదలడం, నిలపడం. నడిచేటప్పుడు మూడు అడుగులకు పీల్చి, నాలుగైదు అడుగులకు వదలండి. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతే వేగం తగ్గించాలి. నిలపడం జోలికి సొంతంగా వెళ్లొద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అసలే వద్దు. తల తిరిగిందంటే ఊపిరి బలవంతంగా లాగుతున్నారేమో. లెక్క వదిలేసి మామూలుగా పీల్చుకోండి.

ప్రదక్షిణ ముగిశాక దర్శనం క్యూ ఉంటుంది. కాళ్లు లాగేస్తుంటాయి, ఎవరో పక్క నుంచి దూరతారు. వాచస్పతి ఉపేక్షకు ఎదురుగా పెట్టిన అమర్షం, అంటే ఓర్వలేని కోపం, ఎక్కువగా పుట్టేది అక్కడే. క్యూ కదలదు కాబట్టి అడుగులు లెక్కపెట్టే వీలుండదు. బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు లెక్కపెట్టుకోండి: నాలుగు కణుపులకు పీల్చడం, ఆరు కణుపులకు వదలడం.