రెండో క్వార్టర్‌లోనే మూడు ఫౌల్స్

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో విజిల్ వినగానే అర్థమైపోయింది, ఫౌల్ నా మీదే. కోచ్ ఏమీ అనలేదు, బెంచ్ వైపు చూపించారంతే.

టవల్ మొహం మీద వేసుకుని కూర్చున్నా. మూడు ఫౌల్సూ ఒకేలా వచ్చాయి. అవతలి జట్టు అమ్మాయి రింగ్ కింద ముందే చోటు పట్టేస్తుంది, నేను ఆలస్యంగా వెళ్లి వెనక నుంచి చెయ్యి వేస్తా. ఎత్తు నాదే ఎక్కువ. కాళ్లు మాత్రం తనవే ముందు కదులుతున్నాయి.

ఇంకో జబ్బుంది నాకు. బాల్ అందగానే నడుము దాకా దించేస్తా. ఏ పొట్టి గార్డో వచ్చి తట్టేసుకుని పోతుంది. గడ్డం కింద పెట్టుకోమని సీజన్ మొదటి నుంచీ చెప్తూనే ఉన్నారు. చెవులకి వినపడుతోంది, చేతులకే వినపడట్లేదు.

మూడో క్వార్టర్‌లో ఒక్కసారి కుదిరింది. వీపుతో డిఫెండర్‌ని ఆనుకుని, భుజం కుడికి ఊపి, ఎడమ కాలు రింగ్ వెనక గీత, అంటే బేస్‌లైన్ వైపు వేశా. బాల్ బోర్డుకి తగిలి లోపలికి. తొందరే పడలేదు, అదీ విచిత్రం.

అందరూ వెళ్లాక మికన్ డ్రిల్ మొదలుపెట్టా. రింగ్ కిందే నిలబడి కుడి చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి, ఆగకుండా. దానికి పేరిచ్చిన పాతతరం అమెరికా ఆటగాడు జార్జ్ మికన్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి, 1940ల్లో కాలేజీకి వచ్చినప్పుడు ఆయనకీ కాళ్లు తడబడేవట. ఆయన కోచ్ డాన్స్ కూడా నేర్పించారట!

ఎడమ చేత్తో 20కి 11 పడ్డాయి. పన్నెండోది వేద్దామనుకునేలోపు ఎవరో లైట్లు ఆపేశారు.