గుండీల డబ్బాలు, ఆరు చుక్కలు

నీటికాసుల జబ్బుతో 38 ఏళ్లకు నా చూపు పూర్తిగా పోయింది. కర్నూలులో మాది చిన్న టైలర్ షాపు. ఇప్పుడు మిషన్ మా ఆవిడది, గుండీలు నావి. ‘ఇన్నేళ్లు సూది పట్టినోడివి, నీ వేళ్లకు బ్రెయిల్ ఒక లెక్కా’ అన్నారు అందరూ. నేనూ అట్లే అనుకున్నా.

మొదటి నెల ఏడుపొక్కటే తక్కువ. బ్రెయిల్‌లో ఒక్కో అక్షరానికీ ఆరు ఉబ్బు చుక్కల చోటు: ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3, కుడి పక్క 4, 5, 6. వాటిలో ఏవి ఉబ్బి ఉన్నాయో వేలితో తడిమి అక్షరం పట్టాలి. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు. కాయకాచిన నా చూపుడు వేలికి పేజీ అంతా గోనెసంచిలాగే తగిలేది. ‘ఇ’కి 2, 4 చుక్కలు, ‘ఏ’కి 1, 5. అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. ‘మేక’ను వారం రోజులు ‘మిక’ అనే చదివా. పుట్టుకతోనే చూపు లేని మా బ్రెయిల్ సారు ఊరుకునేవాడు కాదు: ‘అదిమితే ఏం తెలుస్తాదన్నా? వేలు జారనియ్. అయినా చదివేది వేలు కాదు, తలకాయ వెనక భాగం.’

తమాషాకు అన్నాడనుకున్నా. మా పాప వెతికి చదివి వినిపించింది. చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు బ్రెయిల్ చదువుతుంటే, మెదడు వెనక చూపు కోసం ఉన్న భాగమే పనిచేస్తోందని 1996లో సడాటో అనే శాస్త్రవేత్త బృందం స్కానింగ్‌లో చూసింది. మరుసటి ఏడాది ఇంకో బృందం అయస్కాంతంతో ఆ భాగం పనిని కాసేపు చెదరగొడితే, వాళ్లు అక్షరాలు తప్పు చదివారు. పుట్టుకతో చూపు లేని ఒకావిడకు స్ట్రోక్‌లో ఆ భాగం రెండువైపులా దెబ్బతింటే, వేళ్లకు స్పర్శ ఉండి కూడా బ్రెయిల్ చదవలేకపోయిందట.

అంతా బాగుంది గానీ, 16 ఏళ్లు దాటాక చూపు పోతే కంటి నుంచి వచ్చేది మెదడులో మొదట చేరే ఆ చూపు భాగం స్పర్శకు అట్లా స్పందించలేదని 2002 నాటి పరిశోధన. నాకు 38! టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. మళ్లీ పాపే ఇంకోటి వెతికింది. చూపున్నవాళ్లకు ఐదు రోజులు గంతలు కట్టి బ్రెయిల్ నేర్పితే ఆ భాగం స్పర్శకు స్పందించిందట, గంతలు విప్పిన మర్నాటికి మామూలైందట. నా గంతలు విప్పేవాళ్లు ఎట్లాగూ లేరు కదా అని నవ్వుకున్నా.

నా తలలో ఏ మూల పనిచేస్తోందో గానీ, ఐదో నెలలో చుక్కలు లెక్కపెట్టడం మానేశా. అక్షరం అక్షరంలాగే తగలడం మొదలైంది.

ఆ ఊపులో గుండీల డబ్బాలకు మొదటి అక్షరం మాత్రం వేసి అంటించా. నలుపుకు ‘న’, తెలుపుకు ‘త’. ఒకటి 1, 3, 4, 5. ఇంకోటి 2, 3, 4, 5. పోయిన వారం ఎవరిదో తెల్ల చొక్కాకు వరసగా ఏడు నల్ల గుండీలు కుట్టి పెట్టా. మా ఆవిడ తిట్టలేదు, బ్లేడు చేతికిచ్చింది. అన్నీ ఊడదీసి, డబ్బాల మీద పేర్లు పూర్తిగా వేశా.