కణం రాత్రి ఏం తినింది?

కడప వైవీయూలోనో, అనంతపురం ఎస్కేయూలోనో, కర్నూలులోనో బయోకెమిస్ట్రీ చదివి, పీహెచ్‌డీ ముగించి, అమెరికాలో క్యాన్సర్ మెటబాలిజం (క్యాన్సర్ కణం తిండిని ఎట్లా వాడుకుంటుందన్న చదువు) ల్యాబుకు పోస్ట్‌డాక్‌గా వచ్చే పిల్లలు ముందు అడిగేది వీసా, అద్దె. అవి ఎట్లో కుదురుతాయి. మొదటి ఆరు నెలలు మింగేది మీడియం సీసా, అంటే కణాలను పెంచే పోషక ద్రవం.

డీఎంఈఎం అనే మీడియం రెండు రకాలుగా వస్తుంది. ఒకదాంట్లో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజు, అంటే 25 మిల్లీమోలార్. ఇంకోదాంట్లో 1 గ్రాము, 5.5 మిల్లీమోలార్. మొదటిదాన్ని మన ఊరి రక్తపరీక్ష లెక్కలో చెప్తే షుగర్ 450! అంత చక్కెరలో ఏళ్ల తరబడి పెరిగిన కణం ల్యాక్టేట్ (గ్లూకోజు విరిగితే వచ్చే పదార్థం) కుమ్మరిస్తుంటే అది క్యాన్సర్ గుణమా, సీసా గుణమా? ఆక్సిజన్ ఉన్నా కణితి గ్లూకోజును ల్యాక్టేట్ చేస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే చూశాడు. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా చెడిపోవడమే కారణం అనుకున్నాడు. చాలా క్యాన్సర్లలో అవి నిక్షేపంగా ఉన్నాయని తర్వాత తేలింది. గ్లూకోజును లోపలికి లాగమని చెప్పేవాటిలో పీఐ3కే–ఏకేటీ సిగ్నల్ (ఇన్సులిన్ లాంటివాటి కబురును కణంలోపలికి మోసే ప్రొటీన్ల వరుస) ముఖ్యమైనది. కాబట్టి మెటబాలిజం చేసేవాళ్లకు సిగ్నలింగ్ తప్పదు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఫాస్ఫో-ఏకేటీ బ్లాట్‌లో. ఫాస్ఫేట్ తగిలి మేల్కొన్న ఏకేటీని యాంటీబాడీతో పట్టి బ్యాండుగా చూపే పరీక్ష అది. ఒక వారం బ్యాండు నల్లగా, మరో వారం ఖాళీ. యాంటీబాడీని తిడతారు పాపం. అసలు తేడా మీడియం ఎప్పుడు మార్చారన్నదాంట్లో ఉంటుంది. తాజా సీరం (మీడియంలో కలిపే రక్తద్రవం) తగిలిన నిమిషాల్లోనే ఏకేటీ, పెరగమనే కబురు మోసే ఈఆర్‌కే లేస్తాయి. రెండు మూడు రోజులు మార్చకపోతే గ్లూకోజు అడుగంటి, శక్తి తగ్గిందని పసిగట్టే ఏఎంపీకే లేస్తుంది. అందుకని ముందురోజు రాత్రి అన్ని డిష్‌లకూ ఒకే వేళకు మీడియం మార్చాలి. మందు వేసేటప్పుడు మీడియం కదిలించకుండా కొద్ది మైక్రోలీటర్లలోనే కలపాలి. కంట్రోల్‌కు మందు లేకుండా, దాన్ని కరిగించిన డీఎంఎస్‌ఓ ద్రావకం అంతే వేయాలి. తీసేటప్పుడు డిష్‌లన్నీ ఒకేసారి బయట పెట్టొద్దు. ఒక్కోదాన్ని ఐస్ మీదికి తెచ్చి, చల్లని పీబీఎస్ ఉప్పునీళ్లతో కడిగి, వెంటనే కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ పోయాలి. అందులో సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవెనడేట్ ఉండాల్సిందే, లేకుంటే ఫాస్ఫటేజు ఎంజైములు ఫాస్ఫేట్‌ను ఊడబెరుకుతాయి. ఆర్థోవెనడేట్‌ను పీహెచ్ 10 దగ్గర పసుపు పోయేదాకా మరిగించుకోవాలి. యాంటీబాడీ ఎక్కడబడితే అక్కడ అంటుకోకుండా చేసే బ్లాకింగ్‌కు పాలపొడి వద్దు, 5 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) మేలు. పాలల్లోని కేసీన్ తానే ఫాస్ఫోప్రొటీన్, బ్యాక్‌గ్రౌండ్ పెంచొచ్చు.

కణాల శ్వాసనూ, అవి వదిలే ఆమ్లాన్నీ కొలిచే సీహార్స్ మెషీన్ సాధారణంగా నాలుగైదు ల్యాబులది. స్లాటు దొరకడమే గగనం, దొరికినరోజు ప్లేటు చెడితే మళ్లీ వారం. సెన్సార్లుండే కార్ట్రిడ్జ్‌ను ముందురోజు రాత్రే నానబెట్టాలి. 96 బావుల ప్లేటులో కణాలు పోశాక గంటసేపు గది వేడిలో కదపకుండా ఉంచితే అంచులకు చేరవు. నాలుగు మూలల బావుల్లో కణాలు వేయొద్దు, అవి బ్యాక్‌గ్రౌండ్‌కు. పొద్దున బైకార్బొనేట్ లేని మీడియంకు మార్చి, కార్బన్ డయాక్సైడ్ లేని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 45 నిమిషాల నుంచి గంట ఉంచాలి. బైకార్బొనేట్ మిగిలితే కణం వదిలే ఆమ్లాన్ని అదే మింగేస్తుంది, మెషీన్‌కు ఏమీ కనబడదు. మైటోకాండ్రియా శ్వాసను గరిష్ఠానికి నెట్టే ఎఫ్‌సీసీపీ మోతాదు ఒక్కో సెల్ లైనుకు ఒక్కోటి. 0.25 నుంచి 2 మైక్రోమోలార్ దాకా ముందు పరీక్షించుకోవాలి. ఎక్కువైతే శ్వాస పెరగడం అటుంచి కిందికి పడిపోతుంది. దాన్ని చూసి మైటోకాండ్రియా దెబ్బతిన్నాయని రాసుకుంటే ల్యాబ్ మీటింగులో పరువు పోతుంది.

కార్బన్-13 గుర్తున్న గ్లూకోజుతో ట్రేసింగ్ చేస్తే, అంటే అది కణంలో ఎటు పోతుందో వెంబడిస్తే, సీరం డయలైజ్డ్‌ది (గ్లూకోజులాంటి చిన్న అణువులు తీసేసింది) కావాలి. మామూలు సీరంలోని గ్లూకోజు లేబుల్‌ను పలుచన చేస్తుంది.

ఇదంతా డిష్‌లోనే ఆగదు. పీఐ3కేను అడ్డుకునే మందు అల్పెలిసిబ్‌కు 2019లో రొమ్ము క్యాన్సర్‌లో అనుమతి వచ్చింది. దాంతో రక్తంలో చక్కెర పెరుగుతుంది, చక్కెర పెరిగితే ఇన్సులిన్ పెరుగుతుంది, ఆ ఇన్సులిన్ మందు మూసిన దారినే మళ్లీ తట్టి లేపుతుంది. ఎలుకల్లో పిండి, చక్కెర బాగా తగ్గించిన కీటోజెనిక్ ఆహారం పెట్టి ఇన్సులిన్ తగ్గిస్తే మందు బాగా పనిచేసింది.

ఇక ఉద్యోగం లెక్క. జే-1 వీసా మీద వచ్చిన రిసెర్చ్ స్కాలర్‌కు గరిష్ఠం అయిదేళ్లు. మధ్యలో ముగించి వెళ్తే అదే కోవలో రెండేళ్లదాకా తిరిగి రాలేరు. రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు తెచ్చే నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో ఇండియా పోయింది. ప్రభుత్వ డబ్బుతో వచ్చినవాళ్లకు ఆ షరతు అట్లే ఉంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పోస్ట్‌డాక్‌లకిచ్చే ఎఫ్32 గ్రాంటు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. సొంత ల్యాబు పెట్టే దారిలో సాయపడే కే99 గ్రాంటు మాత్రం మనవాళ్లూ అడగొచ్చు, కానీ పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకుండా. మొదటి ఏడాది బ్లాట్లతోనే పోతే మిగిలేది మూడు.

ఇంటర్వ్యూలో పీఐని, అంటే ల్యాబు పెద్దను, సార్ అనకండి, పేరుతో పిలవడమే ఇక్కడి పద్ధతి. నోరు రాకపోతే డాక్టర్ అనొచ్చు. ల్యాబులో ఏ మీడియం వాడతారు, సీహార్స్ ఎవరి చేతిలో ఉంది, ఇంతకు ముందరి పోస్ట్‌డాక్‌లు ఇప్పుడు యాడున్నారు అని అడగండి. మూడోదానికి జవాబు నీళ్లు నమిలితే, ఇంకో ల్యాబుకు కూడా మెయిల్ పెట్టుకోండి.