పది గజాల గొలుసు

గత అక్టోబరులో ఒక శుక్రవారం రాత్రి, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివార్లలో మా అమ్మాయి చదివే హైస్కూలు మైదానంలో, చివరి క్వార్టర్ రెండు నిమిషాలలో ముగుస్తుందనగా ఆట ఆగింది. రెండు కొసలా నారింజ రంగు కర్రలున్న గొలుసును ఇద్దరు పెద్దమనుషులు పరుగున మైదానంలోకి తెచ్చి, బంతి పక్కన బిగించి లాగారు. అంతవరకూ హోరెత్తించిన బ్యాండు (మా అమ్మాయి అందులో ట్రాంబోన్ వాయిస్తుంది) మూగబోయింది. బంతి కొస కర్రకు బెత్తెడు ఇవతలే ఉండిపోయింది.

చిన్నప్పుడు మా ఊళ్లో గట్టు తగాదా తీర్చడానికి సర్వేయరు గొలుసు పట్టించినప్పుడు, ఇరుపక్షాల వాళ్లూ ఇలాగే ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అమెరికా ఫుట్‌బాల్ అంటే బలిసిన కుర్రాళ్లు ఢీకొట్టుకోవడమేనని ఇన్నేళ్లూ అనుకున్న నాకు, ఇది కొలతల ఆట అని ఆ రాత్రే తట్టింది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే దానిని ఫస్ట్ డౌన్ అంటారు, మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. పోలేకపోతే బంతి ఎదుటివాళ్ల పాలవుతుంది. మిగతా నియమాలు చాలానే ఉన్నాయి గాని, పిల్లల కోసం వచ్చి కూర్చునే తల్లిదండ్రులకు ఇంతమాత్రం చాలు.

గొలుసు పట్టిన వారిలో పెద్దాయన ఇదే రాష్ట్రంలోని మాసిలన్ అనే ఊళ్లో పుట్టి పెరిగినవాడు. అక్కడ మగబిడ్డ పుడితే హైస్కూలు జట్టు అభిమానుల సంఘం వాళ్లు ఉయ్యాలలో చిన్న ఫుట్‌బాల్ పెడతారు, ఆయనకూ పెట్టారట. మనం అన్నప్రాసన నాడు పుస్తకమూ, కలమూ, బంగారమూ ముందుంచి కనీసం బిడ్డనే ఎంచుకోనిస్తాం కదా అని నాకనిపించింది. పొరుగూరు క్యాంటన్‌లోని మెకిన్లీ హైస్కూలు జట్టుతో మాసిలన్ వైరం 1894 నాటిది. 1932 నుంచి 1940 దాకా మాసిలన్ హైస్కూలు కోచ్‌గా ఉన్న పాల్ బ్రౌన్‌ను ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తీసుకుపోతే, 1942లోనే ఆయన ఆ జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. శనివారం కాలేజీ ఆటకు లక్షమంది వచ్చే ఈ రాష్ట్రంలో, ఆ ఆటకు వేరు శుక్రవారం రాత్రిలోనే ఉందని పెద్దాయన వాదన; నాకూ అదే సబబనిపిస్తుంది.

గొలుసు ఒక్కసారీ కదలకుండానే, అంటే ఒక్క ఫస్ట్ డౌన్ కూడా రాకుండానే, ఒక జట్టు గెలిచిన ఆట గురించి కూడా ఆయనే చెప్పాడు. 1950 నవంబరు 25న కొలంబస్‌లో మంచు తుపానులో ఒహాయో స్టేట్, మిషిగన్ యూనివర్సిటీల జట్లు తలపడ్డాయి. పట్టు దొరకని నేలమీద పరుగు పెట్టడం కన్నా బంతిని దూరంగా తన్నేయడమే మేలనుకుని, రెండు జట్లూ కలిసి 45 సార్లు అలా తన్నేశాయి. మిషిగన్‌కు ఆట మొత్తంలో ఒక్క ఫస్ట్ డౌన్ కూడా రాలేదు. అయినా ఒహాయో స్టేట్ తన్నిన బంతులను రెండుసార్లు అడ్డగించి, అలా వచ్చిన పాయింట్లతోనే మిషిగన్ 9–3 తేడాతో గెలిచింది. ఆ ఓటమి తర్వాత ఒహాయో స్టేట్ కోచ్ తప్పుకోగా, 1951లో వచ్చిన వుడీ హేస్ 1978 దాకా కొనసాగాడు.

మన పిల్లలు బెత్తెడు దూరంలో ఓడిపోయారని నేను వాపోతే, పెద్దాయన గొలుసు చుట్టుకుంటూ నవ్వాడు. బంతి ఎక్కడ ఆగిందో అంపైర్లు గుంపులోంచి కంటితో చూసి ఉజ్జాయింపుగా పెడతారట. ఆ ఉజ్జాయింపునే తాము అంగుళాల లెక్కన కొలుస్తారట.