పని చెప్పే హక్కు ఎవరికీ లేని చోట

డెబియన్ అంటే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కలిసి తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ ప్రాజెక్టు నియమాల పత్రాన్ని రాజ్యాంగం అంటారు. దాని రెండో విభాగంలో, సాధారణ నియమాల మొదట్లోనే ఒక మాట ఉంటుంది. ఇందులోని ఏ నియమమూ ఎవరినీ పని చేసి తీరాలని కట్టడి చెయ్యదు. అప్పగించిన పని ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు. అయితే పద్ధతి ప్రకారం తీసుకున్న నిర్ణయానికి మాత్రం అడ్డుపడకూడదు. 1998 డిసెంబరులో ఆమోదించుకున్న పత్రం ఇది. ఆ పత్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మాటే. జీతం ఇవ్వని చోట ఎవరు పని చెయ్యాలో నియమం రాసి లాభం లేదు. చేస్తానని ముందుకొచ్చిన మనిషిని ఎవరు ఆపగలరో, ఎన్నాళ్లు ఆపగలరో రాసుకోవాలి. చాలా ప్రాజెక్టులు సరిగ్గా అదే రాసుకోవు.

వేరొకరి ప్యాకేజీలో, అంటే డెబియన్‌లో చేరే ఒక ప్రోగ్రాములో, బగ్ సరిచేసే పద్ధతి చూడండి. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ దాన్ని చూసుకునే ఒక మెయింటెయినరో, ఒక బృందమో ఉంటుంది. మామూలుగా దాని జోలికి ఇంకొకరు వెళ్లరు. కానీ మెయింటెయినర్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఏ డెవలపరైనా ఎన్‌ఎంయూ చెయ్యొచ్చు, అంటే మెయింటెయినర్ కాని మనిషి చేసే అప్‌లోడ్. ముందు ప్యాచ్‌ని, అంటే సవరించిన కోడ్‌ని, బగ్ రిపోర్టుకి జత చెయ్యాలి. తర్వాత అప్‌లోడ్‌ని నేరుగా లోపలికి పంపకుండా ఆలస్యపు వరసలో పెట్టాలి. డెబియన్ సూచించే గడువు మామూలు బగ్ అయితే 10 రోజులు, కాస్త ముఖ్యమైనదైతే 5. విడుదలనే ఆపేసేంత తీవ్రమైన బగ్ వారం దాటినా అలాగే ఉంటే 2 రోజులు. అలాంటి బగ్ మీద మెయింటెయినర్ ఆ వారమంతా కదలకపోతే, సవరణ జరుగుతున్న సూచన కూడా లేకపోతే, గడువే అక్కర్లేదు. ఈలోగా మెయింటెయినర్ వచ్చి వద్దనవచ్చు, తానే ఇంకో సవరణ పెట్టుకోవచ్చు. వచ్చినవాళ్లు కూడా బగ్ వరకే చూసుకోవాలి, పనిలో పనిగా ప్యాకేజీ శైలి మార్చకూడదు.

ఇక్కడ మెయింటెయినర్ గౌరవానికి లోటు రాలేదు, ప్యాచ్ తెచ్చిన మనిషి పనీ ఆగలేదు. మౌనం వీటో కాకుండా పోయింది, అంతే. చిన్న ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మెయింటెయినర్ ఒప్పుకోవాలని రాసుకుంటారు, జవాబే రాకపోతే ఏం చెయ్యాలో రాసుకోరు. కొత్తగా వచ్చిన మనిషి కొన్ని వారాలు ఎదురుచూసి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. కాబట్టి ఒకే నియమం రాసే ఓపిక ఉంటే, జవాబు రాని రోజుల లెక్కే ముందు రాయండి.

ఇక ఓట్లు. మూడు ప్రతిపాదనలున్నప్పుడు ఒక్కదానికే ఓటు వెయ్యమంటే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. 50 మంది ఓటర్లు. 20 మంది వరస క, గ, చ. 18 మంది వరస చ, గ, క. మిగతా 12 మందికి మొదటిది గ. వాళ్లలో ఏడుగురికి రెండోది చ, అయిదుగురికి క. మొదటి ఇష్టం మాత్రమే లెక్కపెడితే 20 ఓట్లతో క గెలుస్తుంది. కానీ జతలు జతలుగా పోల్చి చూస్తే క కన్నా గ మేలన్నవాళ్లు 30 మంది, చ కన్నా గ మేలన్నవాళ్లు 32 మంది. ఎక్కువమంది కలిసి పనిచెయ్యగలిగేది గ తోనే. డెబియన్ వాడే కాండోర్సే పద్ధతి ఇలా పోల్చి తేలుస్తుంది. బ్యాలెట్‌లో 'పైవేవీ కాదు' కూడా ఉంటుంది, దానికి ఓడిపోయిన ప్రతిపాదన అక్కడితో సరి. కోరం, అంటే ప్రతిపాదన నిలవడానికి కావలసిన కనీస మద్దతు, సభ్యుల సంఖ్య వర్గమూలంలో సగానికి మూడింతలు. అంటే వెయ్యి మంది సభ్యులుంటే 48 మంది 'పైవేవీ కాదు' కన్నా ఆ ప్రతిపాదనను పైన పెట్టాలి. అందరూ ప్రతిసారీ ఓటెయ్యరని తెలిసినవాళ్లు పెట్టుకున్న లెక్క ఇది. సభ్యుల్లో సగం మంది రావాలని రాసుకుంటే ఏ తీర్మానమూ తెమలదు.

విలువల సంగతికొస్తే, 1997 నాటి సామాజిక ఒప్పందంలో డెబియన్ నూటికి నూరు శాతం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా, అంటే ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగలిగేదిగా ఉంటుందని రాసుకున్నారు. 2004లో భాషా సవరణల పేరుతో జరిగిన ఓటింగులో అక్కడి 'సాఫ్ట్‌వేర్' పోయి, నూటికి నూరు శాతం స్వేచ్ఛగా ఉంటుందన్నది మిగిలింది. దాంతో డాక్యుమెంట్లూ, ఫర్మ్‌వేరూ (హార్డ్‌వేర్ భాగాల లోపల నడిచే కోడ్) సాఫ్ట్‌వేర్ కావు కదా అని తప్పించుకునే దారి మూసుకుపోయింది. స్వేచ్ఛ లేనివన్నీ తీసేస్తే తప్ప డెబియన్ తర్వాతి వెర్షన్ సార్జ్ విడుదల కుదరదని విడుదల బాధ్యుడు తేల్చాడు. ఆ మార్పు అమలును వాయిదా వెయ్యడానికి అదే ఏడాది మళ్లీ ఓటు పెట్టాల్సి వచ్చింది. సార్జ్ 2005 జూన్‌లో గానీ బయటికి రాలేదు. విలువల పత్రంలో ఒక్క పదం మార్చినా, దానివల్ల ఏయే ఫైళ్లు బయటికి పోతాయో ఆ జాబితా ఓటుకు ముందే పక్కన ఉండాలి.

2022లో ఎదురుగాలి వీచింది. స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్ లేకపోతే చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై కూడా పనిచెయ్యని పరిస్థితి. చూసీ చూడనట్టు దాన్ని లోపలికి రానివ్వకుండా, సామాజిక ఒప్పందం అయిదో అంశాన్నే ఓటు పెట్టి బాహాటంగా మార్చారు. మూల పత్రాలు మార్చాలంటే వద్దన్నవాళ్లకు మూడింతల మంది కావాలి. ఆ మెజారిటీ వచ్చింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ తనదైన వేరే విభాగంతో ఇన్‌స్టాలర్‌లో ఉంది. ఫలితం నచ్చనివాళ్లున్నారు, వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ రాసుకున్న మాట ఒకటి, చేసే పని ఇంకొకటి కాకుండా చూసుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

ఒకే మనిషి మాట మీద నడిచే ప్రాజెక్టులకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అనుభవం చాలు. 2018 జూలైలో దాని సృష్టికర్త గీడో వాన్ రాసమ్ నాయకత్వం నుంచి తప్పుకున్నప్పుడు తర్వాత ఎవరన్న నియమం లేదు. అది తేల్చుకోవడానికి ఆ ఏడాది చివరిదాకా పట్టింది. అలా వచ్చిన అయిదుగురి మండలిలో ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదన్న నిబంధనను ఎవరైనా ఎత్తిరాసుకోవచ్చు.

చివరగా ఆస్తులు. డొమైన్ పేరు, విడుదలల మీద సంతకం చేసే కీ, విరాళాల ఖాతా ఎవరి చేతిలో ఉంటే అసలు అధికారం వాళ్లదే. డెబియన్ డబ్బులో చాలా భాగాన్నీ ట్రేడ్‌మార్కునీ సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పట్టి ఉంచుతుంది. అంత ఏర్పాటు చేసుకోలేని ప్రాజెక్టు తన కోడ్ ఉంచే రిపాజిటరీలో ఒక ఫైలు పెట్టుకోవాలి. ఏ ఖాతా ఎవరి దగ్గరుందో, దాన్ని తెరవగల రెండో మనిషి ఎవరో, ఇద్దరూ లాగిన్ అయి చూసిన తేదీ ఏదో అందులో ఉండాలి. ఆరు నెలలకోసారి ఆ తేదీ మారకపోతే దాన్నే ఒక బగ్‌గా నమోదు చెయ్యాలి.