తొమ్మిది రోజుల రిమోట్
చిన్న వైర్‌లెస్ రిమోట్ ఒకటి చేస్తున్నా. నాలుగు బటన్లు, ఒక బ్లూటూత్ చిప్, సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ. అంతే. లెక్క ప్రకారం ఏళ్ల తరబడి రావాల్సిన బ్యాటరీ తొమ్మిదో రోజుకే చచ్చింది.

మొదట బ్యాటరీనే తిట్టుకున్నా. తర్వాత డెవలప్‌మెంట్ బోర్డు (చిప్‌ని పరీక్షించి చూసుకునే బోర్డు) మీద అనుమానం. దాని మీది ఎల్ఈడీ, డీబగ్గర్ చిప్ (కోడులో తప్పులు వెతకడానికి పనికొచ్చేది) ఊరికే కరెంటు తాగేస్తుంటాయి మరి. జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న ముక్క) పీకి, ఒక్క బ్లూటూత్ చిప్‌కి వెళ్లే కరెంటే కొలిచా. చిప్ పనిలేక నిద్రలో ఉన్నప్పుడు 3 మైక్రోఆంపియర్లు ఉండాల్సింది, మీటరు దాదాపు 1 మిల్లీఆంపియర్, అంటే 1000 మైక్రోఆంపియర్లు చూపించింది! 220 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ, 1 మిల్లీఆంపియర్ చొప్పున 220 గంటలు, అంటే తొమ్మిది రోజులు. లెక్క అంత కచ్చితంగా కుదిరినందుకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

దొంగని నేనే. తప్పులు వెతికే డీబగ్ మెసేజ్‌ల్ని కంప్యూటర్‌కి పంపడానికి ఆన్ చేసిన సీరియల్ పోర్టుని ఆపడం మర్చిపోయా. అది మేలుకుని ఉన్నంతసేపూ చిప్ లోపలి క్లాక్‌నీ (చిప్‌ని తాళం వేసి నడిపించేది) పడుకోనివ్వదు. ఒక్క లైను కోడు రాస్తే పోయింది.

ఇప్పుడు ఇంకో తలనొప్పి. బటన్ నొక్కగానే రేడియో ఒక్క గుటకలో కరెంటు లాగేస్తోంది, బ్యాటరీ కాస్త పాతదైతే వోల్టేజీ పడిపోయి చిప్ రీసెట్ అవుతోంది. ఆ గుటకకి సరిపడా కరెంటు దాచి ఉంచేలా పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి చూస్తున్నా. దాని లీకేజీ (ఊరికే కారిపోయే కరెంటు) కూడా కొలవాలి, ఇక మీటరు చేతిలోంచి దిగేలా లేదు.